ఆ మచ్చలు అమ్మల తప్పు కాదు

పోయిన నెలలో మా ఇంట్లో ఒక పేస్టు ట్యూబు దగ్గర పెద్ద పేచీయే వచ్చింది. మా ఆరేళ్ల పాపకి రెండు పాలపళ్లు పుచ్చాయి. పళ్ల డాక్టరు చూసి, ఇకనుంచి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పొద్దునా రాత్రీ తోమించమన్నారు. ట్యూబు కొనుక్కొచ్చి వాష్‌బేసిన్ దగ్గర పెట్టానో లేదో, మా అత్తమ్మ దాని మీద రాసినదేమిటో మావారితో చదివించుకుని, తీసుకెళ్లి అటక మీద పెట్టేశారు.

ఆవిడ కోపంలో అర్థం లేకపోలేదు. అత్తమ్మ పుట్టిల్లు నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు. ఆ ఊరి నీళ్లు తాగి పెరిగిన మనిషి. పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. ఫొటో తీస్తున్నారంటే చాలు, ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్ల చిన్నాన్నకి నలభై ఏళ్లకే నడుం వంగిపోయింది. అటువైపు ఊళ్లలో ఫ్లోరైడ్ అనేది మందు పేరు కాదు, జబ్బు పేరు. దాన్ని డబ్బిచ్చి కొని పసిపిల్ల నోట్లో పెట్టడమేమిటని ఆవిడ బాధ.

వింత ఏమిటంటే, అరవై దాటినా అత్తమ్మకి ఒక్క పుచ్చిపన్ను లేదు. తెల్లటి పళ్లున్న నేనేమో ఇప్పటికే మూడింటికి సిమెంటు పెట్టించుకున్నాను. ఈ చిక్కుముడి విప్పుదామని పుస్తకాలు తిరగేస్తుంటే, నూరేళ్ల కిందటే దీని వెంటపడిన ఒక మనిషి కనిపించాడు. ఆయన కథ మీకూ చెప్పాలనిపించింది.

ఆయన పేరు ఫ్రెడరిక్ మెకే. 1874లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. 1900లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదువు ముగించి, మరుసటి ఏడాది కొలరాడో స్ప్రింగ్స్ అనే కొండప్రాంతపు ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ నోరు తెరిచిన ప్రతివాళ్ల పళ్లూ ఆయనకి ఆశ్చర్యంగానే కనిపించాయి. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. కొందరికైతే చాక్లెట్ పులిమినట్టు! పుస్తకాలు వెతికితే ఎక్కడా ఆ జబ్బు ఊసే లేదు. ఊళ్లోవాళ్లకి మాత్రం అదేం వింత కాదు. పంది మాంసం ఎక్కువ తినడం వల్లనీ, పాలు మంచివి కాకపోవడం వల్లనీ, నీళ్లలో సున్నం వల్లనీ తలా ఒక కారణం చెప్పేవారు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. తిండి సరిగ్గా పెట్టలేదనో, పాలు చూసి కొనలేదనో అంటే ఎవర్ని అన్నట్టు? ఆ పిల్లల తల్లుల్నే కదా! మా అత్తమ్మనీ చిన్నప్పుడు పళ్లు సరిగ్గా తోమదని వాళ్లమ్మ తిట్టేదట. బొగ్గుతో, ఇటుకపొడితో రుద్ది రుద్ది చిగుళ్లు రక్తం కారాయే తప్ప చారలు పోలేదట.

మెకే ఆ మాటలతో సరిపెట్టుకోలేదు. అప్పట్లో దంతవైద్యంలో మహా పెద్దమనిషి అనిపించుకున్న జి.వి. బ్లాక్‌ని కదిలించాడు. ఇంత పెద్ద లోపం ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదంటే బ్లాక్ మొదట నమ్మలేదు. తీరా 1909లో వచ్చి కళ్లారా చూశాక ఆయనా మెకేతో కలిసి పరిశోధన మొదలుపెట్టాడు. ఊళ్లో 2,945 మంది పిల్లల్ని పరీక్షిస్తే, అక్కడే పుట్టి పెరిగిన ప్రతి వందమందిలో దాదాపు 87 మందికి మచ్చలున్నాయి.

వాళ్ల పనిలో రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, పెద్ద పళ్లు వచ్చేశాక ఆ ఊరికి వచ్చినవాళ్లకి మచ్చలు రావు. చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులోనే ఏదో జరుగుతోందన్న మాట. రెండోది, మచ్చలున్న పళ్లు అంత తేలిగ్గా పుచ్చవు. మా అత్తమ్మ నోట్లో నేను చూసింది సరిగ్గా అదే!

1915లో బ్లాక్ చనిపోయాడు. మెకే వెనక్కి తగ్గలేదు. ఆయన అనుమానమంతా తాగే నీటి మీద. కానీ పరీక్షకి పంపిన నీళ్లలో ఎప్పుడూ ఏ తేడా కనిపించేది కాదు. అప్పటి మామూలు పరీక్షల్లో ఫ్లోరైడ్ కోసం చూసేవాళ్లే లేరు మరి. వెతకనిది ఎలా దొరుకుతుంది?

1923లో ఆయన ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరికి వెళ్లాడు. తమ పిల్లల పళ్ల మీద మచ్చలు వస్తున్నాయని అక్కడి తల్లిదండ్రులు గమనించారు. ఎప్పటినుంచి అని ఆరాతీస్తే, ఐదు మైళ్ల అవతలి వేడినీటి బుగ్గనుంచి ఊరికి గొట్టాలు వేసిన తర్వాత అని తేలింది. ఆ నీళ్లలో ఏముందో మెకేకి తెలియదు. అయినా వాళ్ల మాట నమ్మి, ఆ నీళ్లు మానేసి మరో ఊట నీళ్లు వాడుకోమని సలహా ఇచ్చాడు. ఊరివాళ్లు విన్నారు. కొన్నేళ్లకి అక్కడ చిన్నపిల్లలకి తెల్లటి పళ్లు రావడం మొదలైంది.

తర్వాత ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరు. అల్యూమినియం కంపెనీవాళ్లు కట్టిన ఊరది. అక్కడి పిల్లలకి మచ్చలు, ఐదు మైళ్ల దూరంలోని ఊరి పిల్లలకి లేవు. మెకే, ప్రభుత్వ ఆరోగ్యశాఖ డాక్టరు గ్రోవర్ కెంఫ్ కలిసి ఆ సంగతి రాశారు. ఆ రాత చూసి కంపెనీ ముఖ్య రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ కంగారుపడ్డాడు. అల్యూమినియం గిన్నెల్లో వండితే విషమని అప్పటికే పుకార్లు. ఇప్పుడీ మచ్చలు కూడా తమ నెత్తినే పడతాయని భయం. అందుకని ఊరి నీళ్లని కొత్తరకం యంత్రంతో పరీక్ష చేయించాడు. ఎవరూ అనుకోనిది దొరికింది. పది లక్షల పాళ్ల నీటిలో 13.7 పాళ్లు ఫ్లోరైడ్! మెకే చేత మిగతా ఊళ్ల నీళ్లు కూడా తెప్పించి చూస్తే, మచ్చలున్న చోటల్లా అదే. అది 1931. ఆయన కొలరాడోలో మొదటి మచ్చ చూసి అప్పటికి ముప్ఫై ఏళ్లు.

మనం గుర్తుంచుకోవలసిన మాట ఇంకొకటి. అదే ఏడాది అరిజోనా విశ్వవిద్యాలయంలో పోషకాహారం మీద పనిచేసే మార్గరెట్ కమాక్ స్మిత్, తన తోటివాళ్లు ఎడిత్ లాంట్జ్, హెచ్.వి. స్మిత్‌లతో కలిసి ఎలకల మీద ప్రయోగాలు చేసి, విడిగా ఇదే సంగతి తేల్చారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లే.

ఇక్కడినుంచి కథ రెండు దారులు పట్టింది. ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ దంతవైద్యుడు ఊరూరా తిరిగి లెక్కలు కట్టాడు. పది లక్షల పాళ్లలో ఒక పాలు, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము దగ్గర మచ్చల బెడద పెద్దగా ఉండదు, పుచ్చడమూ తగ్గుతుందని తేల్చాడు. ఆ లెక్క మీదే 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో మొదటిసారి కావాలని నీటిలో ఫ్లోరైడ్ కలిపారు. పదకొండేళ్ల తర్వాత చూస్తే, ఆ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల్లో పళ్లు పుచ్చడం అరవై శాతానికి పైగా తగ్గింది. మెకే 1959లో, 85వ ఏట కన్నుమూశాడు. ఈ ఫలితం ఆయన జీవితకాలంలోనే వచ్చింది.

కలపడం మొదలైన దగ్గర్నించీ తగువూ మొదలైంది. అందరూ తాగే నీళ్లలో మమ్మల్ని అడక్కుండా ఎలా కలుపుతారని కొందరు, ఇది కమ్యూనిస్టుల కుట్ర అని కొందరు. అన్నీ పిచ్చిమాటలని కొట్టిపారేయడానికి లేదు. అమెరికా ప్రభుత్వమే 2015లో మోతాదుని 0.7కి తగ్గించింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల తెలివితేటల మీద ప్రభావం ఉండొచ్చని 2024లో అక్కడి ప్రభుత్వ నివేదిక ఒకటి చెప్పింది. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడాన్నే ఆపేశాయి. ఫ్లోరైడ్ పేస్టులు ఇంటింటా వచ్చాక, నీటిలో కలిపినందువల్ల వచ్చే లాభం మునుపటికన్నా తగ్గిందని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి.

మన దగ్గర తగువు కలపడం గురించి కాదు, తీసెయ్యడం గురించి. 1937లోనే నెల్లూరు జిల్లా ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లవల్ల ఎముకలు బిగుసుకుపోతున్న సంగతిని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు లోకానికి చెప్పారు. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్గొండ జిల్లా గురించి రాశారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ని విడదీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ ఊళ్లకి నది నీళ్లు రావడానికి మాత్రం ఎన్నో ఏళ్లు పట్టింది.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. కలపమనేవాళ్లకీ, తీసెయ్యమనేవాళ్లకీ మూలపురుషుడు మెకేనే. ఒకచోట నీళ్లు మార్పించినవాడూ ఆయనే, మరోచోట కలపడానికి దారి చూపించినవాడూ ఆయనే. ఉప్పు ఎంత వేస్తే కూర రుచో, ఎంత వేస్తే పారబొయ్యాలో మనకి ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. ఎంత, ఏ వయసులో, ఎటునుంచి లోపలికి పోతోంది అన్నవే అసలు ప్రశ్నలు. నీళ్లయితే రోజంతా కడుపులోకి పోతాయి. పేస్టు పంటిమీద పనిచేసి ఉమ్మేసేది.

అందుకే ముందు మన ఇంటి నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో తెలుసుకోవాలి. బోరునీళ్లు తాగేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. పేస్టు మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆరేళ్లవరకూ బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మడం నేర్పాలి. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో ఉండేవాళ్లు డాక్టరు నడిగి మరీ వాడాలి.

మా ఇంటికొచ్చేది కృష్ణ నీళ్లు. ఆ సంగతీ, మెకే కథా రెండు మధ్యాహ్నాలు కూచుని అత్తమ్మకి చెప్పాను. అంతా విని, నీళ్లు మార్చాక ఆ ఓక్లీ ఊళ్లో పెద్దపిల్లల మచ్చలు పోయాయా అని అడిగారు. అవి పోలేదు, తర్వాత పళ్లొచ్చిన చిన్నపిల్లలకే మంచి పళ్లు వచ్చాయన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్లమ్మ తనని ఊరికే తిట్టిందన్న మాట అనుకుంటూ లేచి వెళ్లారు.

మర్నాడు ట్యూబు అటక దిగింది. ఇప్పుడు పాప బ్రష్షు మీద పేస్టు పెట్టే పని ఆవిడదే. బఠాణీ గింజంత పెట్టమంటే పెసరగింజంతే పెడతారు. నేనేమీ అనను. పాప పూర్తిగా ఉమ్మేదాకా మాత్రం పక్కనే నిలబడి చూస్తారు.