యల్లాప్రగడ సుబ్బారావు: చివరిదాకా విదేశీయుడే



బోరబండ నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఆటోలో వెళ్తూ ఒకసారి రోడ్డు పక్క బోర్డులు చూడండి. జావా, పైథాన్, జీఆర్ఈ, స్టడీ అబ్రాడ్, వీసా అసిస్టెన్స్. మా స్కూల్లో మూడో తరగతిలో పిల్లవాణ్ణి చేర్పించడానికి వచ్చినవాళ్లు కూడా మాటల్లో అమెరికా పేరు ఎత్తుతుంటారు. తప్పేం లేదు. చాలా ఇళ్లలో అన్న కొడుకో, అక్క కూతురో అక్కడే ఉన్నారు కదా. అందుకే ఈ నెల మీకు ఒక తెలుగువాడి జీవితం చెప్పాలనుకున్నాను. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనిపెట్టిన మందుల గురించి మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఆయన కాగితాల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో పనిచేసేవారు. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంట్లో ఇబ్బందులు. పదమూడేళ్లప్పుడు ఈ కుర్రాడు కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని సంపాదిద్దామనుకున్నాడు. పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి చదివించారు. మెట్రిక్ పాసైంది మూడో ప్రయత్నంలో. మార్కుల మెసేజ్ రాగానే మాకు ఫోన్ చేసే అమ్మానాన్నలు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి ప్రభావంతో ఆయన ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ క్లాసుకి వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఆ కాగితంతో మద్రాసులో ఒక ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఉష్ణదేశాల్లో వచ్చే ఆ పేగుల వ్యాధికి అప్పట్లో సరైన మందు లేదు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం కలిసి, 1922 అక్టోబర్ 26న ఆయన బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల మీద చదువు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

ఆయన దిగి నాలుగు నెలలైనా కాలేదు. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. అది సుబ్బారావు గారి కేసు కాదు, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కుది. కానీ దాని దెబ్బ అక్కడున్న ప్రతి భారతీయుడి మీదా పడింది.

ఆ దేశంలో 1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు మాత్రమే పౌరసత్వం. అంతర్యుద్ధం అయ్యాక 1870లో ఆఫ్రికా సంతతివాళ్లను కూడా చేర్చారు. ఆసియావాళ్లు బయటే. (అక్కడ పుట్టిన పిల్లల సంగతి వేరు. 1868లో వచ్చిన పద్నాలుగో రాజ్యాంగ సవరణ ఆధారంగా, చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కూడా పౌరుడేనని 1898లో కోర్టు తేల్చింది.) 1922 నవంబర్‌లో టకావో ఒజావా అనే జపనీయుడు తన చర్మం తెల్లగానే ఉందని వాదించాడు. రంగు చాలదు, కాకేసియన్ జాతివాడై ఉండాలి అంది కోర్టు. మూడు నెలల తర్వాత థిండ్ వంతు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. నాటి పండితుల లెక్క ప్రకారం ఉత్తర భారతీయులు కాకేసియన్లేనని, పైగా తనది పెద్ద కులమని వాదించాడు. మన ఊరి కులం అక్కడి కోర్టులో అక్కరకొస్తుందనుకోవడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. అదే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్, ఈసారి పండితుల మాట చెల్లదన్నారు. తెల్లవాడు అంటే మామూలు మనిషి ఎవరిని అనుకుంటాడో వాళ్లేనని తేల్చారు. మొదటి కేసులో శాస్త్రం కావాలి, రెండో కేసులో వద్దు. రెండుసార్లూ తలుపు మూసుకుంది.

ఈ తీర్పు చూపించి, అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వాన్ని వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నారు. 1924లో ఇంకో చట్టం వచ్చింది. పౌరసత్వానికి అర్హత లేని జాతులవాళ్లు స్థిరపడటానికి అసలు రాకూడదంది. విద్యార్థిగా ముందే అడుగుపెట్టిన సుబ్బారావు గారు ఆ దేశంలో పనిచేయవచ్చు, పేరు తెచ్చుకోవచ్చు. ఆ దేశస్థుడు మాత్రం కాలేరు.

ఆయన ఆస్పత్రిలో రాత్రి పనులు చేసుకుంటూ చదివారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాన్ని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇద్దరి పేర్లతోనే నేర్చుకుంటారు. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. మీ తొమ్మిదో తరగతి పిల్లల్ని అడగండి, ఏటీపీ అంటే ఏంటో చెప్తారు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. స్థిరమైన ప్రొఫెసర్ ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. విదేశీయులందరూ వేలిముద్రలు వేసి పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే.

లెడర్లీలో ఆయన బృందం చేసిన పని చెప్పుకుంటే చాలా ఉంది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి కూడా పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. గర్భిణులకు డాక్టర్లు రాసే మాత్ర అదే. దాని నిర్మాణాన్ని మార్చి అమినోప్టెరిన్ చేశారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇస్తే, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. అంతవరకూ ఆ పిల్లలకు ఆశే లేదు. ఆ వరసలోదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన నాయకత్వంలోనే ఏరియోమైసిన్ యాంటీబయాటిక్ వచ్చింది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే.

1946 జూలై 2న అమెరికా చట్టం మారింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులయ్యారు. ఏడాదికి వందమందికి స్థిరనివాసం. దేశం మొత్తానికి వందే! సుబ్బారావు గారికి అప్పటికి యాభై ఒకటి. 1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే చనిపోయారు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాదు. భారతదేశానికి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు.

మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లడానికి దారి పడింది ఆ తర్వాతే. పౌరసత్వానికి జాతి అడ్డును 1952లో పూర్తిగా తీసేశారు. 1954లో బ్రౌన్ కేసులో, నల్ల పిల్లలకూ తెల్ల పిల్లలకూ వేరువేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. నల్లజాతివారు వీధుల్లో, జైళ్లలో, కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడాక 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ ఊపులోనే 1965 అక్టోబర్‌లో పుట్టిన దేశాన్ని బట్టి వలసల కోటాలు పెట్టే పద్ధతి పోయింది. 1946 చట్టానికీ 1965 చట్టానికీ పేరున్న ప్రతినిధుల సభ సభ్యుడు ఒక్కరే, ఇమాన్యుయేల్ సెల్లర్. 1964 బిల్లును సభలో నడిపించిన న్యాయ కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. మైత్రీవనం దగ్గర కోచింగ్ బోర్డుల మీద ఈ పేర్లేవీ ఉండవు.

మీ బంధువుల్లో 1970ల ప్రాంతంలో అమెరికా వెళ్లిన పెద్దలెవరైనా ఉంటే, ఈ ఆదివారం పిల్లలచేత ఫోన్ చేయించండి. ఏ ఏడాది వెళ్లారు, ఏ కాగితం మీద వెళ్లారు, పౌరసత్వం ఎప్పుడొచ్చింది అని అడిగించండి. పిల్లలు ఒక పేజీ రాసి డైరీలో పెట్టి పంపితే, వచ్చే నెల కొన్ని ఇక్కడే వేస్తాం.