కనిపెట్టిన సేవకుడు – బిషప్ అజరయ్య



నూరు సంవత్సరముల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయమున, ఫలము కంటికి కనబడక ముందే ప్రయాసపడి వెళ్లిపోయిన వారిని స్మరించుట మన విధి. అట్టివారిలో ఒకడు దోర్నకల్ మొదటి బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన జీవితమంతయు దేవుని సమయము కొరకు కనిపెట్టుటయే.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళదేశములోని తిరునల్వేలి ప్రాంతమందు వెళ్లాలన్‌విలై గ్రామమున ఒక గ్రామ పాదిరిగారి ఇంట జన్మించెను. ఆ తల్లి చాలకాలము ప్రార్థనతో ఎదురుచూచి కన్న కుమారుడు గనుక హన్నా వలెనే శామ్యూలు అని పేరు పెట్టిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టా మాత్రము చేతికి రాలేదు. లోకము దృష్టిలో అది ఒక ఓటమి. అయితే పట్టా లేని ఆ యువకుడు 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతట తిరిగి యౌవనస్థులను మేల్కొలిపెను. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ముఖ్యుడాయెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు బిరుదు ఇచ్చినది.

ఇతరులను సేవకు పంపుచు తాను వెనుక నిలిచియుండుట ఆయన మనస్సాక్షికి సరిపడలేదు. 1909లో ఉద్యోగము విడిచి, గురుపట్టాభిషేకము పొంది, నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు కుటుంబముతో వచ్చెను. భాష తనది కాదు, తెలుగు నేర్చుకొనవలెను. ఉండుటకు ఇల్లు లేదు; మొదట గుడారములోనే కాపురము. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కేథడ్రల్‌లో ఆయన ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడెను. భారతీయుడు బిషప్పు అగుటకు ఇంకను కాలము రాలేదని వాదించినవారు మిషనరీలలోను ఉండిరి, మన దేశస్థులలోను ఉండిరి. ఆయన వారితో పోట్లాడలేదు. ఎడ్లబండి మీద పల్లె పల్లెకు వెళ్లి, మాలపల్లెలలో, మాదిగపల్లెలలో బోధించి, బాప్తిస్మమిచ్చి, సేవయే తన జవాబుగా చూపెను.

దోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్‌ను చూచినవారు దాని గుమ్మటములను, స్తంభములను మరువలేరు. మసీదును, దేవాలయమును తలపించు ఈ దేశపు పనితనమును క్రీస్తు ఆరాధన కొరకు ఆయన వాడుకొనెను. ఆ మందిరము పూర్తియగుటకు సుమారు 25 సంవత్సరములు పట్టినది. 1939 జనవరి 6న, అనగా ఎపిఫనీ పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడినది. గుడారములో కాపురము మొదలుపెట్టినవాడు ముప్పది సంవత్సరములకు ఆ మందిరములో నిలిచి స్తోత్రము చెల్లించెను.

ఇది ఆయన కన్నులతో చూచిన ఫలము. చూడని ఫలము ఇంకొకటి యున్నది.

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడిరి. వారిలో ఇద్దరు తప్ప అందరు భారతీయులే. పడమటి దేశముల చీలికలు మనకెందుకు, దక్షిణ భారతదేశమున సంఘము ఒక్కటి కావలెనని వారు ప్రకటించిరి. ఆ కూటమికి అజరయ్యగారు నాయకుడు. చీలిక ఆయనకు కేవలము అసౌకర్యము కాదు, పాపము, సువార్తకు అభ్యంతరము. తరువాతి సంవత్సరమే చర్చలు ఆరంభమాయెను. పథకము 1929లో వెలువడినది. బిషప్పుల అధికారమును గూర్చియు, గురువుల అభిషేకమును గూర్చియు సంవత్సరముల తరబడి తర్కములు సాగినవి. ఒక సంఘము అంగీకరించినప్పుడు మరియొక సంఘము సందేహించెను. తోటివారు అలసిపోయిరి. అజరయ్యగారు ఇరువదియైదు సంవత్సరములు ఓపికపట్టెను.

1945 జనవరి 1న దోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన స్వసంఘమైన ఆంగ్లికన్ సంఘపు మహాసభ ఐక్యతను ఆమోదించినది ఆ సంవత్సరములోనే. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించినప్పుడు, దాని కొరకు అందరికంటె ఎక్కువ ప్రయాసపడినవాడు అక్కడ లేడు. నెబో కొండ మీద మోషే వలె ఆయన దూరమునుండి మాత్రమే చూచెను.

ప్రియులారా, ఇది చెప్పుట సులభము, అనుభవించుట కష్టము. వానలు లేక బీడుపడిన పొలము చూచు రైతు, ఉద్యోగము రాని కుమారుని చూచు తండ్రి, కుమార్తె వివాహము కుదరక కన్నీరు విడుచు తల్లి మన సంఘములలో ఉన్నారు. ఓపికపట్టుడని వారితో చెప్పునప్పుడు బోధకుని నోరు కూడ తడబడును. అడిగినదంతయు చివరకు మన చేతికి వచ్చునని అజరయ్యగారి జీవితము మనకు వాగ్దానము చేయుట లేదు. రెండు సంగతులు మాత్రము చూపుచున్నది. కనిపెట్టుట అనగా ఊరకుండుట కాదు. ఆ దినపు పని ఆ దినము చేయుట. మన ప్రార్థనకు జవాబు మన ఆయుష్షు కంటె పొడవైనది కావచ్చును. అంతమాత్రమున అది వ్యర్థము కాదు.

ఆయన విత్తినది మనము కోయుచున్నాము. మనము కోయలేని పంటను మన పిల్లల కొరకు విత్తుదము. కాలములు తన వశమందుంచుకొనిన దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.