శిలలు చదివిన విలియం కింగ్

ఇంటిలో కడప బండలు పరచుకొన్నవారు ఒకనాటి సముద్రగర్భం మీద నడుస్తున్నట్లే. వానచుక్కకు మొగం వాచే సీమలో ఆ సాగరం మిగిల్చిన శిలలను పొరపొరగా పరిశీలించి గ్రంథస్థం చేసిన పండితుడు విలియం కింగ్.

ఐర్లాండులోని గాల్వేలో ఆయన తండ్రి భూగర్భశాస్త్ర ఆచార్యులు. నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టినది ఆ తండ్రియే. కింగ్ 1857లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరారు. ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొన్నవారుగా సింగరేణి చరిత్రలో నిలిచారు. అయితే ఆయన పాండిత్యానికి గీటురాయి 1872లో వెలువడిన కడప, కర్నూలు శిలల గ్రంథమే. శిలా సముదాయాలకు ఆయన పెట్టిన పేర్లు మన ఏరులవి, కొండలవి, ఊళ్లవి: పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. పరదేశీయునికి ఈ ఔచిత్యం ఉండడం విశేషమే.

ఆ ప్రాచీన శిలలలో గవ్వ లేదు, చేప ఎముక లేదు. అవి నిర్జీవ శిలలని ఆనాటి విజ్ఞులు భావించారు. కాని వేంపల్లె సున్నపురాతిలో ఉల్లిపొరల వలె కనిపించే గుబ్బలు సూక్ష్మజీవుల నిర్మాణాలని తరువాతి పరిశోధకులు గుర్తించారు. సుమారు 190 కోట్ల ఏళ్లకు పూర్వం, లోతులేని సముద్రపు అడుగున జిగురు పొరలుగా పెరిగిన సూక్ష్మజీవులు సున్నపు రేణువులను బంధించగా అవి ఏర్పడ్డాయి. నేటి సముద్రపు బురదలో సూక్ష్మజీవులను ఆశ్రయించి బతికే వైరస్‌లు అసంఖ్యాకం. అవి ఆతిథేయ కణాన్ని చీల్చినప్పుడు వెలువడే పదార్థం తక్కిన సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. నాటి వేంపల్లె సాగరంలోనూ ఇట్టి పోరు సాగి ఉండవచ్చు. అంతటి సూక్ష్మరూపాల జాడను రాయి నిలుపుకోవడం మాత్రం అరుదు.

కింగ్ 1887 నుండి 1894 వరకు ఆ సంస్థకు అధిపతిగా ఉన్నారు. పాపాఘ్ని, నల్లమల అన్న ఆయన పేర్లతోనే భూగర్భశాస్త్రజ్ఞులు నేటికీ ఆ శిలలను పిలుస్తున్నారు.