పొద్దుతిరుగుడు పూల విన్సెంట్



ఈసారి మన గోడ పత్రికలో మహనీయుల జీవితం శీర్షిక నాకు ఇచ్చారు. ఎప్పుడూ నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి రాస్తాం కదా. అందుకని నేను ఒక బొమ్మలు వేసే ఆయన గురించి రాస్తున్నాను. ఆయన పూల బొమ్మలు ప్రపంచమంతా తెలుసు. ఆయన పేరు విన్సెంట్ వాన్ గో.

విన్సెంట్ 1853వ సంవత్సరం మార్చి 30వ తేదీన హాలెండు దేశంలో జుండర్ట్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన వాళ్ళమ్మకి ఒక బాబు చనిపోయి పుట్టాడు. ఆ బాబుకి పెట్టిన పేరే ఈయనకీ పెట్టారు. తరవాత తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పుట్టారు. వాళ్ళలో థియో అనే తమ్ముడంటే విన్సెంట్‌కి ప్రాణం. థియో లేకపోతే విన్సెంట్ లేడు. అది ముందు ముందు మీకే తెలుస్తుంది.

16 ఏళ్ళకే విన్సెంట్ బొమ్మలు అమ్మే కంపెనీలో పనికి చేరాడు. హేగ్ నగరంలో, లండన్‌లో, పారిస్‌లో పని చేశాడు. 1876లో పనిలోంచి తీసేశారు. తరవాత ఇంగ్లండులో బడిలో పాఠాలు చెప్పాడు. పుస్తకాల షాపులో పని చేశాడు. పాస్టరు అవుదామని చదువు మొదలెట్టాడు, అదీ సగంలో వదిలేశాడు. తరవాత బెల్జియంలో బొరినాజ్ అనే చోటికి బోధకుడిగా వెళ్ళాడు. అక్కడ అంతా బొగ్గు గనుల కూలీలు. వాళ్ళ కష్టం చూడలేక తన బట్టలు కూడా వాళ్ళకి ఇచ్చేసి గడ్డి మీద పడుకునేవాడు. బోధకుడు అలా ఉండకూడదని పెద్దవాళ్ళు ఆ పని కూడా తీసేశారు.

అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఏ పనిలోనూ నిలబడలేదు. ఇంట్లో వాళ్ళకి దిగులు. అలాంటి సమయంలో 1880లో నేను చిత్రకారుణ్ణి అవుతాను అని నిర్ణయించుకున్నాడు. ఆ వయసులో పెన్సిలు పట్టి చెయ్యి, కాలు, చెట్టు ఎలా వెయ్యాలో మొదట్నుంచి నేర్చుకున్నాడు. పుస్తకాలు చూసి మళ్ళీ మళ్ళీ వేశాడు. థియో నెల నెలా డబ్బు పంపేవాడు. ఆ డబ్బుతోనే రంగులు, ఆ డబ్బుతోనే రొట్టె.

మొదట ఆయన పూలు వెయ్యలేదు. పేద రైతుల్ని వేశాడు. 1885లో బంగాళదుంపలు తింటున్న వాళ్ళు అని పెద్ద చిత్రం వేశాడు. చిన్న దీపం కింద ఒక కుటుంబం కూర్చుని ఒకే పళ్ళెంలోంచి దుంపలు తింటున్నారు. మొహాలు గరుకుగా, చేతులు మొరటుగా ఉంటాయి. రంగు అంతా మట్టి రంగే. ఒక స్నేహితుడు కూడా ఆ చిత్రంలో తప్పులు ఎంచాడు. కాని ఏ చేతులతో భూమిని తవ్వారో ఆ చేతులతోనే తింటున్నారని చూపించడమే విన్సెంట్ ఉద్దేశం. అందం కోసం చేతుల్ని నున్నగా చెయ్యడం ఆయనకి ఇష్టం లేదు.

1886లో పారిస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. మనుషుల బొమ్మలు వెయ్యాలంటే ఎవరైనా గంటలు గంటలు ఎదురుగా కూర్చోవాలి, వాళ్ళకి డబ్బు ఇవ్వాలి. విన్సెంట్ దగ్గర డబ్బు లేదు. పూలైతే డబ్బు అడగవు, కదలవు. అందుకని పూలు వెయ్యడం మొదలెట్టాడు. అలా పేదరికమే ఆయన్ని పూల దగ్గరికి తీసుకుపోయింది. ఎర్రపూల పక్కన ఆకుపచ్చ, నీలిపూల పక్కన నారింజ రంగు పెట్టి ఏ రంగు పక్కన ఏ రంగు వెలుగుతుందో నేర్చుకున్నాడు. ఆయన బొమ్మల్లోంచి మట్టి రంగు పోయి వెలుగు వచ్చింది.

1888 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడ ఎండ బాగా ఉంటుంది. ఒక పసుపు రంగు ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. చిత్రకారులందరూ కలిసి ఉండి, కలిసి పని చేసుకునే ఇల్లు అది కావాలని ఆయన కల. పాల్ గోగాన్ అనే చిత్రకారుణ్ణి రమ్మని పిలిచాడు. స్నేహితుడు వచ్చేలోపు ఇల్లు అలంకరించాలని ఆగస్టు నెలలో పొద్దుతిరుగుడు పూలు కోసి తెచ్చి కుండీలో పెట్టి వరసగా నాలుగు చిత్రాలు వేశాడు. ఆ పూలు తొందరగా వాడిపోతాయి. అందుకని రోజూ పొద్దున్నే సూర్యుడు రాగానే మొదలెట్టి, వాడేలోపు పూర్తి చెయ్యాలని గబగబా వేశాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ చిత్రాన్నే చూద్దాం. మన బోర్డు పక్కన నేను క్రేయాన్లతో వేసి అంటించిన బొమ్మ దానిదే. అసలుది లండన్‌లో నేషనల్ గ్యాలరీలో ఉంది. పసుపు గోడ ముందర, పసుపు బల్ల మీద, పసుపు కుండీలో, పసుపు పూలు. కుండీ మీద విన్సెంట్ అని సంతకం.

బొమ్మని చూసి బాగుంది, బాగోలేదు అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోతాం. విమర్శ అంటే తిట్టడం అనుకుంటాం. కాని విమర్శ అంటే అడిగి చూడడం. పెద్ద పెద్దవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా బొమ్మల్ని నాలుగు రకాలుగా అడిగి చూశారు.

మొదటి ప్రశ్న: ఇది నిజం పువ్వులాగా ఉందా? పూర్వం గ్రీకు దేశంలో ప్లేటో, అరిస్టాటిల్ కళ అంటే లోకాన్ని అనుకరించడం అని చెప్పారు. అలా చూస్తే విన్సెంట్‌కి మార్కులు తక్కువ వస్తాయి అనిపిస్తుంది. కుండీకి నీడ సరిగా కనపడదు. కొన్ని పూలకి చుట్టూ రేకులు, మధ్యలో గింజలు అన్నట్టు ఉండదు, బంతిలాగా అంతా రేకులే. అది ఆయన ఊహ అని మనం అనుకోవచ్చు. కాని అలాంటి పొద్దుతిరుగుడు పూలు నిజంగా ఉన్నాయి. జన్యువులో మార్పు వల్ల అలా పూస్తాయని 2012లో అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. అంటే ఆయన కళ్ళతో చూసిందే వేశాడు. మనం చూడని దాన్ని అబద్ధం అనకూడదన్నమాట.

రెండో ప్రశ్న: రంగులు, గీతలు ఎలా అమర్చాడు? రోజర్ ఫ్రై అనే ఇంగ్లీషు విమర్శకుడు ఇలాగ చూడమన్నాడు. ఆయన 1910లో లండన్‌లో విన్సెంట్ చిత్రాలూ ఇంకొందరివీ ప్రదర్శన పెడితే చాలామంది నవ్వారు. పువ్వా, కుండా అని కాదు, అమరిక చూడమని ఆయన వాదన. ఒక్క పసుపులోనే ఎన్ని పసుపులో చూడండి. నిమ్మపండు పసుపు, గడ్డి పసుపు, మట్టి పసుపు. రంగు మందంగా పెట్టాడు కాబట్టి గింజల దగ్గర గరుకుగా పైకి లేచి ఉంటుంది. ఒకే రంగుతో ఇల్లంతా నింపి, ఏదీ దేనిలోనూ కలిసిపోకుండా చెయ్యడం ఎంత కష్టమో క్రేయాన్లతో ప్రయత్నిస్తే తెలుస్తుంది.

మూడో ప్రశ్న: ఇందులో ఏ భావం ఉంది? రష్యా రచయిత టాల్‌స్టాయ్ కళ అంటే ఒక మనిషి అనుభవించిన భావం ఇంకో మనిషికి అందడం అని రాశాడు. ఈ పూలలో కొన్ని విరిసి ఉన్నాయి, కొన్ని తల వాల్చేశాయి, కొన్నిటికి రేకులు రాలి గింజలే మిగిలాయి. బతుకంతా ఒక కుండీలో ఉంది. విన్సెంట్‌కి పిచ్చి, అందుకే అలా వేశాడు అని కొందరు అంటారు. అది తప్పు. ఈ చిత్రాలు వేసినప్పుడు ఆయన జబ్బులో లేడు, స్నేహితుడు వస్తాడని సంతోషంలో ఉన్నాడు. పొద్దుతిరుగుడు పూలు కృతజ్ఞతకి గుర్తు అని ఆయనే తరవాత ఉత్తరంలో రాశాడు.

నాలుగో ప్రశ్న: ఎవరి కోసం, ఎక్కడ, ఏ పరిస్థితిలో వేశాడు? ఇది మ్యూజియం కోసం వెయ్యలేదు. స్నేహితుడి గదిలో గోడకి పెట్టడానికి వేశాడు. రంగులు థియో జీతం డబ్బుతో వచ్చాయి. క్రోమ్ ఎల్లో అనే ఆ పసుపు రంగు ఆ శతాబ్దంలోనే కొత్తగా తయారైంది. అది రాకముందు అలాంటి చిత్రం కష్టమే.

నాకు నాలుగో ప్రశ్న బాగా నచ్చింది. మా సవరల ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. మనిషి మనిషిలాగా లేడు, పుల్లలాగా ఉన్నాడు అని కొత్తవాళ్ళు నవ్వుతారు. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే నవ్వే వస్తుంది. ఎవరి కోసం వేశారు అని అడిగితే దేవతల కోసం, పెద్దల కోసం అని తెలుస్తుంది. అప్పుడు నవ్వు రాదు. ఒక్క ప్రశ్నతో ఎవరి బొమ్మకీ తీర్పు చెప్పకూడదు.

మళ్ళీ కథలోకి వద్దాం. గోగాన్ 1888 అక్టోబరులో వచ్చాడు. పూల చిత్రాలు చూసి మెచ్చుకున్నాడు. కాని ఇద్దరికీ పడలేదు. డిసెంబరు 23 రాత్రి గొడవ తరవాత విన్సెంట్ జబ్బు ముదిరి తన చెవి తానే కోసుకున్నాడు. గోగాన్ వెళ్ళిపోయాడు. పసుపు ఇంటి కల పోయింది.

1889 మే నెలలో విన్సెంట్ తనంతట తానే సెయింట్ రెమీలో మానసిక ఆసుపత్రిలో చేరాడు. చేరిన మొదటి రోజుల్లోనే ఆసుపత్రి తోటలో పూలు చూసి ఐరిస్ పూల చిత్రం వేశాడు. జబ్బు ఎక్కువైనప్పుడు వెయ్యలేకపోయేవాడు, తగ్గినప్పుడు వేసేవాడు. జబ్బు బొమ్మలు వెయ్యలేదు, జబ్బుతో పోరాడే మనిషి వేశాడు. 1890 జనవరి 31న థియోకి కొడుకు పుట్టాడు. పెదనాన్న పేరే పెట్టారు. విన్సెంట్ ఆ పసివాడి కోసం నీలి ఆకాశం మీద తెల్లటి బాదం పూల కొమ్మలు వేసి పంపాడు. ఉయ్యాల ఉండే ఇంటికి ఇంత మంచి కానుక ఎవరిస్తారు?

అదే నెలలో బెల్జియంలో బ్రస్సెల్స్ ప్రదర్శనలో పొద్దుతిరుగుడు పూలు పెట్టారు. ఒక చిత్రకారుడు నా బొమ్మలు వీటి పక్కన ఉండకూడదని తన బొమ్మలు తీసుకుపోయాడు. అదే నెలలో అల్బేర్ ఓరియే అనే యువ విమర్శకుడు పారిస్ పత్రికలో విన్సెంట్‌ని మెచ్చుకుంటూ పెద్ద వ్యాసం రాశాడు. ఒకే నెలలో ఒకే మనిషికి ఒకరు అవమానం, ఒకరు గౌరవం. బొమ్మలు మాత్రం అవే. ఆ ప్రదర్శనలోనే ఎర్ర ద్రాక్షతోట అనే చిత్రం 400 ఫ్రాంకులకి అమ్ముడైంది.

1890 మేలో పారిస్ దగ్గర ఓవెర్ అనే పల్లెకి వెళ్ళాడు. రోజుకో బొమ్మ లెక్కన వేశాడు. కాని జూలై 27న తుపాకితో కాల్చుకుని 29న తమ్ముడి దగ్గర కన్ను మూశాడు. వయసు 37. శవపేటిక మీద పొద్దుతిరుగుడు పూలు పెట్టారు. ఆరు నెలలకే థియో కూడా చనిపోయాడు. ఇది రాస్తుంటే నాకు చెయ్యి ఆగిపోయింది. అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఒంటికి జ్వరం వచ్చినట్టే మనసుకీ జబ్బు వస్తుంది. దాన్ని దాచుకోకూడదు. పక్క మంచం స్నేహితురాలికో, వార్డెన్ మేడమ్‌కో చెప్పాలి. చెప్పిన వాళ్ళని ఎవరూ వెక్కిరించకూడదు.

విన్సెంట్ పదేళ్ళే బొమ్మలు వేశాడు. 850కి పైగా రంగుల చిత్రాలు మిగిలాయి. వాటిని కాపాడింది థియో భార్య జోహన్నా. అప్పటికి ఆమెకి 28 ఏళ్ళు, చంకలో బిడ్డ. ఇల్లు గడవడానికి ఇంట్లో గదులు అద్దెకి ఇచ్చింది. ఆ బొమ్మలన్నీ భద్రం చేసి ప్రదర్శనలు పెట్టించింది. 1914లో విన్సెంట్ థియోకి రాసిన ఉత్తరాలు అచ్చు వేయించింది. లండన్ వాళ్ళు పొద్దుతిరుగుడు పూలు అడిగితే మొదట ఇవ్వనంది, ఎందుకంటే రోజూ చూసుకునే బొమ్మ అది. చివరికి 1924లో విన్సెంట్ పేరు కోసం ఇచ్చింది. పెరిగి పెద్దవాడైన ఆ పసివాడి పూనికతో 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో విన్సెంట్ మ్యూజియం తెరిచారు. బాదం పూల చిత్రం అక్కడే ఉంది.

ఆ నాలుగు పొద్దుతిరుగుడు చిత్రాల్లో ఒకటి 1945లో జపాన్‌లో యుద్ధం బాంబుల మంటల్లో కాలిపోయింది. ఆయన తిరిగి వేసిన ఇంకొకటి 1987లో 2 కోట్ల 47 లక్షల పౌండ్లకి పైగా ధర పలికింది. ఆ పసుపు రంగు వెలుతురు తగిలితే నల్లబడుతుందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అందుకే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న పొద్దుతిరుగుడు చిత్రాన్ని ఇక ఏ ఊరికీ పంపకూడదని 2019లో నిర్ణయించారు. చిత్రంలో పూలు కూడా నెమ్మదిగా వాడుతున్నాయన్నమాట.

మనలో చాలామంది ఇంట్లో మొదటిసారి బడికి వచ్చినవాళ్ళం. లెక్కలు రాకపోతే ఇంకేమీ రాదు అనుకుంటాం. విన్సెంట్ 27 ఏళ్ళకి మొదలెట్టాడు. ఆయనకి ఒక తమ్ముడు ఉన్నాడు, ఒక మరదలు ఉంది. మనకి మనం ఉన్నాం. వచ్చే నెల గోడ పత్రికకి అందరూ ఒక పువ్వు వేసి ఇవ్వండి. మోదుగు పువ్వు గాని, ఇప్పపువ్వు గాని, గుమ్మడి పువ్వు గాని. చూసేవాళ్ళు నవ్వకుండా నాలుగు ప్రశ్నలూ అడగండి.

సెలవు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని