టీమ్ హ్యాండిచ్చినా ఆగలేదు!

ఇంటర్వ్యూకి ముందు రోజు టీమ్ మొత్తం హ్యాండిస్తే ఏం చేస్తారు? కంట్రీ మ్యూజిక్ పితామహుడు జిమ్మీ రోడ్జర్స్‌కి అదే జరిగింది.

పుట్టింది 1897లో, అమెరికాలో. రైళ్లలో బ్రేక్‌మన్‌గా పనిచేసేవాడు. 1924లో టీబీ అని తేలింది. ఒళ్లు సహకరించక పాటనే నమ్ముకున్నాడు. బ్రిస్టల్‌లో విక్టర్ కంపెనీ కొత్త గాయకుల్ని రికార్డ్ చేస్తోందని తెలిసి బ్యాండ్‌తో వెళ్లాడు. రికార్డుపై ఎవరి పేరు వేయాలన్న గొడవతో బ్యాండ్ విడిపోయింది. అయినా 1927 ఆగస్టు 4న గిటార్ పట్టుకుని ఒక్కడే రెండు పాటలు పాడాడు. ఆ రికార్డు ఓ మోస్తరుగానే ఆడింది. మళ్లీ పిలుస్తారులే అని కూర్చోలేదు. తనే న్యూయార్క్ వెళ్లి ప్రొడ్యూసర్ రాల్ఫ్ పీర్‌ని సంప్రదించాడు. ఆ నవంబరులో పాడిన ‘బ్లూ యోడెల్’ లక్షల్లో అమ్ముడైంది.

1930లో జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి రికార్డ్ చేశాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి పాడటం అరుదైన రోజులవి. 1933 మేలో పాటకీ పాటకీ మధ్య మంచంపై పడుకుంటూనే చివరి రికార్డింగ్ పూర్తిచేశాడు. రెండు రోజులకే చనిపోయాడు. అప్పటికి వయసు 35.

1961లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైన తొలి ముగ్గురిలో జిమ్మీ ఒకడు. అప్లై చేసి రిప్లై కోసం ఎదురుచూస్తున్నారా? ఈసారి మీరే వెళ్లి అడగండి.