తల్లి దాచిన లేఖలు

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. ఎనిమిదవ సంతానం కావడంచేత కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లో కడపలో కన్నుమూసింది. జగద్గురువు కథ చెప్పేవారు పదేళ్ళ బాలుని ఈ లోటును తరచు మరచిపోతారు.

1909లో అడయారులో లెడ్‌బీటరు దృష్టిలో పడిన ఆ బాలుని, తమ్ముడు నిత్యానందంతో సహా, 1911లో అనీబిసెంటు ఇంగ్లండుకు తీసుకొనివెళ్ళారు. అక్కడ లేడీ ఎమిలీ లుట్యెన్సు ఆయనకు తల్లి అయింది. ఆమె భర్త న్యూఢిల్లీ నిర్మాణశిల్పి. సొంత బిడ్డలు అయిదుగురు. మొదటి ప్రపంచయుద్ధకాలమంతా సోదరులు అక్కడనే ఉండిపోయారు. సముద్రతీరాన బ్యూడ్ అనే ఊరిలో చదువు పేరిట గడపిన దినాలలో కృష్ణమూర్తి తన ఒంటరితనాన్నంతా ఆమెకు వ్రాసిన లేఖలలో వెళ్ళబోసుకొన్నారు. అవి ప్రేమలేఖలే, కాని తల్లిని పోగొట్టుకొన్న బిడ్డ వ్రాసినవి. ఈ మమకారం ఆయన సాధనకు అడ్డమని శిక్షకుడు అరండేలు ఎమిలీని మందలించాడు. ఉత్తరాలు మాత్రం ఆగలేదు.

తనను జగద్గురువుగా కొలిచిన నక్షత్రసంఘాన్ని కృష్ణమూర్తి 1929లో రద్దుచేశారు. ఎమిలీ 1964లో మరణించింది, లేఖలు మిగిలాయి. చిన్న కుమార్తె మేరీ వాటి ఆధారంతో 1975లో ఆయన చరిత్ర వెలువరించింది. తన తల్లి వాత్సల్యం పరాయి బిడ్డకు ఎంతగా ప్రవహించిందో కన్నకూతురే లోకానికి చెప్పవలసివచ్చింది. అందులో నిష్ఠురం లేకపోవడం సామాన్యం కాదు. అప్పటికి కృష్ణమూర్తికి ఎనభై యేళ్ళు. 1986 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహాయిలో ఆయన దేహం చాలించారు.