గ్లాడిస్ డిక్: స్కార్లెట్ ఫీవర్ గుట్టు విప్పిన డాక్టరమ్మ.. నోబెల్ అంచుదాకా వెళ్లి ఆగిపోయిన కథ ఇదీ!

పిల్లాడికి ఉన్నట్టుండి జ్వరం. గొంతు నొప్పి. మర్నాటికల్లా ఒంటి నిండా ఎర్రటి దద్దుర్లు. ఇప్పుడైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం, యాంటీబయాటిక్ రాస్తారు, కొద్దిరోజుల్లో కోలుకుంటాడు. కానీ వందేళ్ల కిందట ఇవే లక్షణాలు కనిపిస్తే తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడేది. అదే స్కార్లెట్ ఫీవర్. అమెరికాలో ఈ జ్వరం వచ్చిన ఇంటి తలుపుకు హెచ్చరిక బోర్డు తగిలించి, వారాల తరబడి క్వారంటైన్ పెట్టేవారు. పిల్లల బొమ్మలు, పుస్తకాలు కాల్చేసేవారు. ఇది ఎందుకొస్తుందో, ఎవరికి వస్తుందో తేల్చింది ఒక డాక్టర్ దంపతుల జంట. వారిలో ఒకరే గ్లాడిస్ డిక్.

అమ్మ వద్దన్నా డాక్టర్ చదువు

గ్లాడిస్ 1881లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఉన్న పానీ సిటీలో పుట్టారు. నెబ్రాస్కా యూనివర్సిటీలో 1900లో డిగ్రీ పూర్తయ్యింది. మెడిసిన్ చదువుతానంటే తల్లి ఒప్పుకోలేదు. ఆడపిల్లలు డాక్టర్లు కావడం అప్పటికి ఇంకా అరుదే. కొంతకాలం స్కూల్లో పాఠాలు చెప్పారు. చివరికి తల్లిని ఒప్పించి జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్‌లో చేరారు. మహిళలను కూడా చేర్చుకున్న కాలేజీ అది. 1907లో ఎం.డి. పట్టా అందుకున్నారు.

1911లో చికాగో వెళ్లి కిడ్నీ జబ్బులపై పరిశోధన మొదలుపెట్టారు. అక్కడే పరిచయమయ్యారు డాక్టర్ జార్జ్ డిక్. ఆయన అప్పటికే స్కార్లెట్ ఫీవర్ మీద పనిచేస్తున్నారు. 1914లో ఇద్దరికీ పెళ్లైంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పనిచేసింది చికాగోలోని జాన్ ఆర్. మెక్‌కార్మిక్ ఇన్‌స్టిట్యూట్‌లో.

ఈ ఇన్‌స్టిట్యూట్ వెనుక ఒక విషాదం ఉంది. అమెరికా కుబేరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ మనవడు 1901లో ఇదే స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయాడు. నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎంత డబ్బున్నా బిడ్డను కాపాడుకోలేకపోయిన ఆ తల్లిదండ్రులు, కొడుకు పేరు మీద ఈ పరిశోధన సంస్థ పెట్టించారు.

అసలు దోషి ఎవరు?

రోగుల గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుందని డాక్టర్లకు ముందే తెలుసు. కానీ అదే అసలు కారణమని నిరూపించడం కుదరలేదు. ఎందుకంటే వేరే జబ్బులున్నవారి గొంతులోనూ ఆ బ్యాక్టీరియా దొరికేది. పోనీ జంతువుల మీద ప్రయోగం చేద్దామంటే, వాటికి ఈ జ్వరం మనుషులకు వచ్చినట్టు రాదు. ఏళ్ల తరబడి కథ అక్కడే ఆగిపోయింది.

రోగికి సేవ చేస్తూ స్కార్లెట్ ఫీవర్ అంటించుకున్న ఒక నర్సు వేలికి చీము పట్టింది. ఆ చీములోంచి డిక్ దంపతులు బ్యాక్టీరియాను వేరుచేశారు. ముందుకొచ్చిన వాలంటీర్ల గొంతులో దాన్ని పూశారు. వారిలో కొందరికి స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. 1923లో ఈ ఫలితాలు బయటపెట్టడంతో చిక్కుముడి వీడింది. ఇలాంటి ప్రయోగం ఇప్పటి నిబంధనల ప్రకారం అంత తేలిగ్గా జరగదు.

ఇంకో విషయం కూడా తేలింది. ఒంటిపై దద్దుర్లు రావడానికి కారణం బ్యాక్టీరియా వదిలే విషం. అంటే టాక్సిన్. బ్యాక్టీరియా గొంతులోనే ఉంటుంది, దాని విషం మాత్రం రక్తంలో కలిసి ఒళ్లంతా పాకుతుంది.

చేతి మీద చిన్న సూది.. అదే డిక్ టెస్ట్

ఈ విషయం తెలిశాక 1924లో డిక్ టెస్ట్ వచ్చింది. బాగా పలుచన చేసిన టాక్సిన్‌ను చేతి చర్మంలోకి కొద్దిగా ఎక్కిస్తారు. ఒక రోజు ఆగి చూస్తారు. సూది వేసినచోట ఎర్రబడితే ఆ మనిషికి స్కార్లెట్ ఫీవర్ వచ్చే అవకాశం ఉన్నట్టు. ఎర్రబడకపోతే ఒంట్లో రక్షణ ఉన్నట్టు. ముందుగా ఎవరిని జాగ్రత్తగా చూసుకోవాలో దీంతో తెలిసేది. కొద్దికొద్దిగా టాక్సిన్ డోసు పెంచుతూ ఇచ్చే టీకా, రోగులకు ఇచ్చే యాంటీటాక్సిన్ కూడా డిక్ దంపతులు తయారుచేశారు.

1925లో ఇద్దరి పేర్లూ నోబెల్‌కు నామినేట్ అయ్యాయి. విచిత్రం ఏంటంటే, ఆ ఏడాది వైద్యంలో నోబెల్ ఎవరికీ ఇవ్వలేదు!

పేటెంట్‌తో మచ్చ

ఇంతవరకూ మెచ్చుకున్నవాళ్లే తర్వాత వేలెత్తి చూపారు. కారణం పేటెంట్లు. టాక్సిన్, యాంటీటాక్సిన్ తయారీ పద్ధతికి డిక్ దంపతులు పేటెంట్ తీసుకున్నారు. ప్రాణాలు కాపాడే మందుకు పేటెంట్ ఏంటని అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ డాక్టర్లు మండిపడ్డారు. నానాజాతి సమితి ఆరోగ్య విభాగం నుంచి కూడా విమర్శలొచ్చాయి. పేటెంట్ వల్ల మిగతావాళ్ల పరిశోధన ఆగిపోతుందన్నది ప్రధాన ఆరోపణ. లాభం కోసం కాదని, నాసిరకం మందులు మార్కెట్లోకి రాకుండా ఆపడానికేనని దంపతులు వాదించారు. ఒక మందుల కంపెనీపై కోర్టుకు కూడా వెళ్లారు. ప్రాణాలు కాపాడే మందుపై హక్కు ఎవరిదన్న ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు.

1940లలో పెన్సిలిన్ వచ్చింది. బ్యాక్టీరియానే చంపే మందు చేతికొచ్చాక డిక్ టెస్ట్, టీకా, యాంటీటాక్సిన్ అన్నీ మూలనపడ్డాయి. గ్లాడిస్ మాత్రం పని ఆపలేదు. ఇవాన్‌స్టన్‌లోని క్రేడిల్ అనే దత్తత సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. పసిపిల్లలకు ఇన్ఫెక్షన్ సోకకుండా అక్కడ కఠినమైన శుభ్రత పద్ధతులు పెట్టించారు. 1930లో, 49 ఏళ్ల వయసులో ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకున్నారు. 1963లో కన్నుమూశారు.

స్కార్లెట్ ఫీవర్‌ను గుర్తుపట్టడం ఎలా?

ఈ జ్వరం పూర్తిగా పోలేదు. 2022 చివర్లో బ్రిటన్‌లో కేసులు బాగా పెరిగాయి. 2024 మొదట్లో హైదరాబాద్‌లోనూ పిల్లల్లో కేసులు కనిపిస్తున్నట్టు వార్తలొచ్చాయి. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. ఈ లక్షణాలు గమనించండి:

* హఠాత్తుగా జ్వరం, గొంతు నొప్పి, మింగలేకపోవడం. కొందరికి వాంతులు, కడుపునొప్పి.
* ఒకటి రెండు రోజుల్లో మెడ, ఛాతీ మీద మొదలై ఒళ్లంతా పాకే దద్దుర్లు. చేత్తో తడిమితే గరుకు కాగితంలా తగులుతాయి. చామనఛాయ పిల్లల్లో ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి తడిమి చూడటమే మేలు.
* మొదట తెల్లటి పూతతో, తర్వాత స్ట్రాబెర్రీలా ఎర్రగా, బొడిపెలతో కనిపించే నాలుక.
* బుగ్గలు ఎర్రగా ఉన్నా నోటి చుట్టూ పాలిపోయినట్టు ఉండటం.
* తగ్గే దశలో వేళ్ల చివర్ల చర్మం పొరలుగా ఊడటం.

గొంతులోంచి నమూనా తీసి పరీక్ష చేస్తే స్ట్రెప్టోకాకస్ ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే సాధారణంగా పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ 10 రోజులు ఇస్తారు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందులున్నాయి.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గగానే మందు ఆపేస్తారు. అలా చేస్తే లోపల బ్యాక్టీరియా మిగిలిపోవచ్చు. కొంతమందిలో తర్వాత రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కిడ్నీల వాపు కూడా రావచ్చు. మూత్రం రంగు మారినా, ముఖం ఉబ్బినా, కీళ్లు నొప్పులన్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచి, జ్వరం తగ్గాకే స్కూలుకు పంపాలి.

ఈ జ్వరానికి ఇప్పటికీ టీకా లేదు. గ్లాడిస్ తయారుచేసిన మందులు ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. కానీ డాక్టర్ ఈ దద్దుర్లు చూసి గొంతు పరీక్ష రాస్తున్నారంటే, దానికి ఆధారం వందేళ్ల కిందట చికాగోలో ఆమె, ఆమె భర్త తేల్చిన నిజమే.